కిల్ట్ ఎవరి బట్ట?

పోయిన సంవత్సరం మా బడి వార్షికోత్సవంలో ‘ప్రపంచ దేశాల వేషాలు’ అని ఒక కార్యక్రమం పెట్టారు. చీటీలు తీస్తే నాకు స్కాట్లండ్ వచ్చింది. అక్కడ మగవాళ్ళు గళ్ళ లంగా కట్టుకుంటారు అన్న ఒక్క ముక్క తప్ప ఆ దేశం గురించి నాకేమీ తెలీదు. మా అక్క చదివిన ఇంగ్లీషు మీడియం బడి యూనిఫాం స్కర్టు ఒకటి, ఎర్ర గళ్ళది, అవ్వ పెట్టెలో ఉండింది. దానికి నడుము దగ్గర రెండు పిన్నీసులు పెట్టి, నాయన తెల్ల సాక్సులు మోకాళ్ళ దాకా లాగి స్టేజీ ఎక్కాను.

ఎక్కగానే ఈలలు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పుకోవడానికి నేనే ఇంకాస్త ఎక్కువ చేశాను. నడుము తిప్పాను, స్కర్టు అంచు పట్టుకుని గిరగిరా తిరిగాను, ముందువరసలో కూర్చున్నవాళ్ళకు వంగి నమస్కారం పెట్టాను. హాలంతా ఒకటే నవ్వు. రెండో బహుమతిగా ఒక టిఫిన్ డబ్బా కూడా ఇచ్చారు.

మర్నాడు మా సాంఘిక శాస్త్రం సారు పిలిచి, “బాగా నవ్వించినావు రా. వాళ్ళు నవ్వింది నిన్ను చూసా, స్కాట్లండ్ వాళ్ళను చూసా?” అని అడిగారు. నేను బదులు చెప్పలేదు. సారు కూడా మళ్ళీ అడగలేదు.

ఆ ప్రశ్న మే నెలలో మళ్ళీ గుర్తొచ్చింది. నెల్లూరులో మా బంధువుల పెళ్ళికి పోయినాము. భోజనాలకు పిలిస్తే నేను “వస్తా ఉండా” అన్నాను. మా హోసూరు వైపు అందరం అట్లే అంటాము. నా ఈడు పిల్లవాడొకడు దాన్ని పట్టుకుని, అరవ రాగం తగిలించి, “వస్తాఆఆ ఉండాఆఆ” అని చేతులు ఊపుతూ అన్నాడు. పందిట్లో అందరూ నవ్వారు. అతను చెడ్డవాడేమీ కాదు, తర్వాత నాకు ఐస్‌క్రీం కూడా తెచ్చి ఇచ్చాడు. కానీ ఆ రోజు సాయంత్రం దాకా నేను నోరు తెరవలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా ఎర్ర స్కర్టు గిరగిరా తిరగడం కళ్ళముందు కనబడింది.

అందుకే ఈ వ్యాసం. స్కాట్లండ్ వాళ్ళు కానివాళ్ళు కిల్ట్ కట్టుకోవచ్చా, కట్టుకుంటే వాళ్ళకు అవమానమా అని తెలుసుకోవాలని సారు ఇచ్చిన పుస్తకాలు, లైబ్రరీలో దొరికినవి చదివాను. కొంచెం అనుకున్న సంగతి చాలా పొడుగు అయింది.

మొదట మాట సంగతి. కిల్ట్ అనే పదం గేలిక్ భాషది కాదట. స్కాండినేవియా భాషల నుంచి వచ్చి, స్కాట్లండ్ ఇంగ్లీషులో బట్టను ఎగ్గట్టడం, పైకి దోపడం అనే అర్థంలో వాడుకలో ఉండిందట. మా తాత పొలంలో దిగేముందు పంచె ఎగ్గడతాడు చూడండి, అదే. గేలిక్ మాట్లాడే కొండ ప్రాంతాన్ని హైలాండ్స్ అంటారు. అక్కడివాళ్ళు ఆ బట్టకు పెట్టుకున్న పేరు ఫేలా. 16వ శతాబ్దం చివర్లో మొదలైనది పెద్ద ఫేలా, అంటే ఫేలా మోర్. అది కుట్టిన బట్ట కాదు. అప్పటి మగ్గాల వెడల్పు తక్కువ కాబట్టి రెండు పనాలు పక్కపక్కన కలిపి కుట్టిన పొడవాటి ఉన్ని దుప్పటి. నేలమీద ముందు బెల్టు పరిచి, దానిమీద దుప్పటి పరిచి, చేత్తో కుచ్చిళ్ళు పెట్టి, దానిమీద పడుకుని బెల్టు బిగించి లేచేవారట. నడుము కింద భాగం మోకాళ్ళ దాకా ఉంటుంది, పై భాగం భుజం మీద వేసుకుంటారు, వాన వస్తే తలమీదికి లాక్కుంటారు, రాత్రి బెల్టు విప్పితే అదే దుప్పటి. చలిలో వానలో పశువులు తోలుకుంటూ తిరిగేవాళ్ళ బట్ట అది. ఇది చదివినప్పుడు మా అవ్వకు చెప్పాను. “అయితే లంగా కాదు, గొంగడి అను” అనింది. నిజమే, గొంగడి అని చెప్పి ఉంటే మా బడిలో ఎవరూ నవ్వేవారు కారు.

ఇప్పుడు మనం ఫోటోల్లో చూసేది చిన్న ఫేలా, ఫేలా బెగ్. పైభాగం లేకుండా నడుము నుంచి మోకాళ్ళ దాకా మాత్రమే ఉండేది. దీన్ని ఎవరు కనిపెట్టారు అనే దానిమీద పెద్ద తగువు ఉంది. 1785లో ఎడిన్‌బరోలో ఒక పత్రికలో అచ్చయిన ఉత్తరం ప్రకారం, థామస్ రాలిన్సన్ అనే ఇంగ్లండ్ మనిషి 1720, 30ల కాలంలో ఇన్వర్‌గారీ అనే చోట ఇనుము కరిగించే కొలిమి నడిపాడు. అక్కడ పనిచేసే హైలాండ్ కూలీలకు అంత పెద్ద దుప్పటి కట్టుకుని కొలిమి దగ్గర పని చేయడం కష్టంగా ఉంటే, కింది సగం మాత్రం విడదీసి కుట్టించాడు. హ్యూ ట్రెవర్ రోపర్ అనే చరిత్రకారుడు 1983లో ఈ కథనే ముందుపెట్టి, స్కాట్లండ్ జాతీయ దుస్తులు ఒక ఇంగ్లీషువాడు కనిపెట్టినవి అని రాశాడు. స్కాట్లండ్‌లో చాలామందికి కోపం వచ్చింది. అంతకుముందే కొందరు దుప్పటి కింది సగం మాత్రమే కట్టుకునేవారని మిగతా చరిత్రకారులు వాదిస్తారు. నా మట్టుకు నాకు రెండోదే సరి అనిపిస్తుంది. పని చేసేటప్పుడు పై గుడ్డ తీసి పక్కన పెట్టడానికి ఒక దొర వచ్చి నేర్పాలా? మా ఊళ్ళో ఎవరికీ నేర్పక్కరలేదు.

అసలు కథ ఆ తర్వాత ఉంది. 1745లో హైలాండ్ తెగల్లో చాలామంది, పదవి పోయిన పాత స్టూవర్ట్ రాజవంశం తరఫున లండన్ రాజు మీద తిరుగుబాటు చేశారు. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ మైదానంలో గంట కూడా పట్టని యుద్ధంలో ఓడిపోయారు. రాజుగారి సైన్యాన్ని నడిపింది రాజు రెండో జార్జి కొడుకు, కంబర్లండ్ డ్యూక్. గాయపడినవాళ్ళను కూడా వదలలేదని అతనికి కసాయి అని పేరు వచ్చింది. ఆ ఏడాదే పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1747 ఆగస్టు 1 నుంచి స్కాట్లండ్‌లో సైనికులు తప్ప ఏ మగవాడూ, మగపిల్లవాడూ కిల్ట్ గానీ, భుజం మీది ప్లాయిడ్ గానీ, టార్టన్ గుడ్డతో కుట్టిన కోటు గానీ వేసుకోకూడదు. మొదటిసారి దొరికితే ఆరు నెలలు జైలు. రెండోసారి దొరికితే ఏడేళ్ళు సముద్రం అవతలికి పంపేస్తారు. కట్టుకున్న బట్టకు ఏడేళ్ళ ప్రవాసం! మగపిల్లవాడు అని చట్టంలోనే రాసి ఉంది కాబట్టి, నా వయసువాడికి కూడా ఆ చట్టం వర్తించేది.

ఆ నిషేధం 35 ఏళ్ళు ఉండింది. 1782 జులై 1న ఎత్తేశారు. 35 ఏళ్ళంటే ఒక తరం పిల్లలు ఆ బట్ట కట్టడం చూడకుండానే పెద్దవాళ్ళయి ఉంటారు.

ఇక్కడ మన తెలుగువాళ్ళకు తెలిసిన ఒక మనిషి వస్తాడు. కైఫీయతులు సేకరించిన కాలిన్ మెకంజీ. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సాయంతో మన ఊళ్ళ చరిత్రలు రాయించి పెట్టిన దొర అని ఎనిమిదో తరగతిలో సారు చెప్పారు. ఆయన పుట్టింది 1754లో, లూయిస్ దీవిలోని స్టోర్నవే అనే ఊళ్ళో. అది గేలిక్ మాట్లాడే చోటు. మద్రాసులో దిగింది 1783లో. లెక్క వేసి చూడండి, ఆయన పుట్టినప్పటికే నిషేధం ఉంది, ఆయన బాల్యం, యవ్వనం అంతా ఆ చట్టం కిందే గడిచింది. చట్టం పోయిన మరుసటి ఏడే ఆయన ఇండియాకు వచ్చేశాడు. చిత్రపటాల్లో కంపెనీ ఎర్రకోటులో కనిపిస్తాడు. మన ఊరి గుడి కథ, మన ఊరి చెరువు కథ పోకూడదని రాయించిన మనిషి, సొంత నాడులో ఒక బట్టను చట్టం పెట్టి మాన్పించిన కాలంలో పెరిగినవాడు. ఈ రెంటికీ సంబంధం ఉందని నేను అనడం లేదు. నాకు మాత్రం అది చదివాక మెకంజీ పేరు వేరేగా వినిపిస్తోంది.

మరి ఆ 35 ఏళ్ళు కిల్ట్ ఎట్లా బతికింది? సైన్యంలో. బ్లాక్ వాచ్ అనే హైలాండ్ రెజిమెంటు 1739 నుంచి ఉంది. నిషేధం నుంచి సైనికులకు మినహాయింపు కాబట్టి, ఆ బట్ట కట్టుకోవాలంటే రాజుగారి తుపాకి పట్టుకోవాలి. ఇంట్లో కట్టుకుంటే నేరం, రాజు కోసం చావడానికి పోతే యూనిఫాం. అలా పేద కొండవాళ్ళు అమెరికాలోనూ, ఇండియాలోనూ సామ్రాజ్యం కోసం యుద్ధాలు చేశారు. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట ఎక్కిన సైన్యంలో 73, 74 నంబరు హైలాండ్ రెజిమెంట్లు ఉన్నాయి. దాడి నడిపిన డేవిడ్ బెయిర్డ్ కూడా స్కాట్లండ్ వాడే. 1857లో లక్నోలో సికందర్ బాగ్ మీద పడినవాళ్ళలో 93వ సదర్లండ్ హైలాండర్లు కిల్టులతోనే ఉన్నారు. కాబట్టి కిల్ట్ ఒకవైపు అణగదొక్కబడినవాళ్ళ బట్ట, మనవైపు నుంచి చూస్తే మనమీదికి వచ్చిన సైన్యం బట్ట కూడా. నేను ఈ వ్యాసం రాస్తున్నానంటే నా స్నేహితుడొకడు, “వాళ్ళు మనల్ని గౌరవించినారా, మనమెందుకు వాళ్ళ స్కర్టును గౌరవించాల?” అన్నాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. కానీ శ్రీరంగపట్నం గోడ ఎక్కిన ఆ సిపాయి తండ్రికి అదే బట్ట కట్టినందుకు జైలు పడే కాలం అది. రెండూ ఒకే ఇంట్లో జరిగి ఉండొచ్చు.

ఇప్పుడు కథలో నవ్వొచ్చే భాగం. 1822 ఆగస్టులో రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరోకు వచ్చాడు. దాదాపు 170 ఏళ్ళుగా రాజ్యమేలే రాజెవరూ స్కాట్లండ్‌లో అడుగుపెట్టలేదు. ఏర్పాట్లన్నీ నవలా రచయిత వాల్టర్ స్కాట్ చేతిలో పెట్టారు. ఆయన అందరినీ హైలాండ్ దుస్తుల్లో రమ్మన్నాడు. ఎడిన్‌బరో ఉండేది పల్లపు సీమలో. అక్కడివాళ్ళ తాతముత్తాతలు కిల్ట్ కట్టినవాళ్ళు కారు, పైగా కిల్ట్ కట్టినవాళ్ళను దొంగలని భయపడినవాళ్ళు. వాళ్ళంతా దర్జీల వెంటపడి కిల్టులు కుట్టించుకున్నారు. రాజుగారు కూడా రాయల్ స్టూవర్ట్ గళ్ళతో మొత్తం వేషం కుట్టించుకున్నాడు. దర్జీ బిల్లు 1,354 పౌండ్ల 18 షిల్లింగులు. కాళ్ళు కనబడకుండా కింద ఒంటి రంగు మేజోళ్ళు తొడిగాడు. డేవిడ్ విల్కీ అనే చిత్రకారుడు తర్వాత ఆ వేషంలో రాజు బొమ్మ గీసినప్పుడు ఆ మేజోళ్ళను మర్యాదగా వదిలేశాడు. శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ దేహాన్ని బెయిర్డ్ కనుక్కున్నట్టు పెద్ద బొమ్మ గీసింది కూడా ఈ విల్కీయే. లండన్ మాజీ మేయరు విలియం కర్టిస్, మంచి లావుపాటి మనిషి, తాను కూడా కిల్ట్ కట్టుకుని వస్తే కార్టూన్లు గీసేవాళ్ళకు పండగ అయింది.

ఒక్కసారి ఆలోచించండి. కలోడెన్‌లో హైలాండ్ వాళ్ళను నరికించిన కంబర్లండ్ ఈ రాజుకు ఏమవుతాడు? తాత సొంత తమ్ముడు, అంటే చిన్న తాత. చిన్న తాత నిషేధించే దాకా తెచ్చిన బట్టను మనవడు ముచ్చటపడి కట్టుకున్నాడు. స్కాట్లండ్ బయటివాళ్ళు కిల్ట్ కట్టొచ్చా అని మనం ఇప్పుడు అడుగుతున్నాం గానీ, ఆ ప్రశ్న మొదట అడగాల్సింది 1822లో. అప్పుడు కట్టినవాడు రాజు కాబట్టి అడిగినవాళ్ళు లేరు, నవ్వినవాళ్ళు మాత్రం ఉన్నారు.

ఇంకో సంగతి నన్ను చాలా బాధ పెట్టింది. పట్నాల్లో కిల్ట్ మోజు పెరిగిన ఆ సంవత్సరాల్లోనే, కొండల్లో కిల్ట్ అసలు హక్కుదారులను ఊళ్ళనుంచి వెళ్ళగొడుతున్నారు. గొర్రెల పెంపకంలో లాభం ఎక్కువని భూస్వాములు రైతుల ఇళ్ళు ఖాళీ చేయించారు. 1814లో స్ట్రాత్‌నేవర్ లోయలో ఇళ్ళకు నిప్పు పెట్టించాడని ప్యాట్రిక్ సెల్లర్ అనే మేనేజరు మీద కేసు నడిచింది, అతను నిర్దోషి అని కోర్టు వదిలేసింది. గ్లెన్‌గారీ ఎస్టేటు పెద్ద అలస్టేర్ మెక్‌డోనెల్ ఉన్నాడు. ఎక్కడికి పోయినా హైలాండ్ వేషంలోనే పోయేవాడు, 1815లో ‘నిజమైన హైలాండర్ల సంఘం’ అని కూడా పెట్టాడు. తన భూమిలోని కౌలు రైతులను మాత్రం తరిమేశాడు. ఆయన పుట్టుకతో హైలాండర్, గేలిక్ తెగ నాయకుడు. ఆ బట్ట కట్టుకునే హక్కు ఆయనకు లేదని ఎవరూ అనలేరు. కానీ ఆ బట్టను ఎవరు ఎక్కువ అవమానించారు అని అడిగితే నేను లండన్ మేయరు పేరు చెప్పను, ఈయన పేరే చెప్తాను.

ఒక్కో వంశానికి ఒక్కో గళ్ళ గుర్తు అనేది కూడా మనం అనుకున్నంత పాతది కాదట. బానక్‌బర్న్‌లో విల్సన్ అనే వాళ్ళ మగ్గాల కంపెనీ ఉండేది. వాళ్ళ నమూనాల్లో కొన్నింటికి మొదట ఉత్త నంబర్లు, తర్వాత అమ్మకానికి వీలుగా పేర్లు. 1815లో లండన్‌లోని హైలాండ్ సొసైటీ, మీ వంశం టార్టన్ ముక్క పంపండి అని తెగల పెద్దలను అడిగింది. తమది ఏదో తెలీని పెద్దలు కూడా ఉన్నారు. 1842లో ఇద్దరు అన్నదమ్ములు తాము స్టూవర్ట్ రాజవంశం వాళ్ళమని చెప్పుకుని, పాత రాతప్రతి దొరికిందని వంశాల టార్టన్ల పుస్తకం వేశారు. అది దొంగ ప్రతి అని తర్వాత తేలింది. అయినా ఆ పుస్తకంలోని గళ్ళను చాలా వంశాలవాళ్ళు ఈనాటికీ తమవే అనుకుని కడుతున్నారు. దీన్ని చదివి మొదట నేను, అంతా ఉత్తదే, ఇంక గౌరవం ఏంది అనుకున్నాను. సారుతో అదే అన్నాను. సారు, “మీ ఇంట్లో పెళ్ళికి కట్టే పట్టుచీర రంగు ఎన్ని తరాల నుంచి వస్తా ఉంది?” అని అడిగారు. ఇంటికి పోయి అడిగితే అవ్వ చెప్పింది, ఆ రంగు మా అమ్మ పెళ్ళప్పుడు అంగడివాడు చూపించిందట. అయినా మా పెద్దక్క పెళ్ళికి ఆ రంగే కావాలని అవ్వ రెండు ఊళ్ళు తిరిగింది. రెండు వందల ఏళ్ళుగా జనం పెళ్ళికీ చావుకూ కట్టుకుంటున్న గళ్ళు మొదట ఏ కొట్లో పుడితేనేమి?

ఇప్పటి సంగతికి వస్తాను. కిల్ట్ ఎవరు కట్టాలి అని చట్టం ఏదీ లేదు. స్కాట్లండ్‌లో అద్దెకిచ్చే అంగళ్ళు ఉన్నాయి, పెళ్ళికి వచ్చిన చుట్టం ఏ దేశంవాడైనా అద్దెకు తీసుకుని కట్టుకుంటాడు. బ్లాక్ వాచ్, రాయల్ స్టూవర్ట్ లాంటివి ఎవరు కట్టినా పట్టించుకోరు. వంశం పేరున్న టార్టన్ కడితే, నీకు ఆ వంశంతో ఏం సంబంధం అని ఎవరైనా అడగొచ్చు, అంతే. బాల్మోరల్ అనే టార్టన్ ఒకటి మాత్రం రాజకుటుంబానికీ, రాజుగారి పైపర్‌కూ తప్ప వేరేవాళ్ళకు కాదని కట్టుబాటు. దాన్ని విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ 1853లో తయారుచేశాడు. ఆయన జర్మనీ నుంచి వచ్చిన అల్లుడు! స్కాట్లండ్‌లో అందరికన్నా కట్టుదిట్టమైన టార్టన్ బయటివాడు వేసిన గళ్ళు.

2008లో స్కాట్లండ్ పార్లమెంటు టార్టన్ల రిజిస్టరు కోసం చట్టం చేసింది. 2009 నుంచి కొత్త గళ్ళు వేసి ఎవరైనా అందులో నమోదు చేయించుకోవచ్చు. అంతకు ముందే, 1999లో, లానార్క్‌షైర్‌లో స్థిరపడిన ఇక్బాల్ సింగ్ అనే సిక్కు పెద్దమనిషి సింగ్ టార్టన్ తయారు చేయించాడు. తలపాగా, కిల్ట్ కలిపి కట్టుకున్న సిక్కుల ఫోటోలు చూశాను, చాలా బాగున్నాయి. 2016లో హమ్జా యూసఫ్ అనే పాకిస్తాన్ మూలాలున్న సభ్యుడు కిల్ట్ కట్టుకుని స్కాట్లండ్ పార్లమెంటులో ఉర్దూలో ప్రమాణం చేశాడు. ఆయన తర్వాత అక్కడి ప్రభుత్వానికి అధిపతి కూడా అయ్యాడు. వీళ్ళను బయటివాళ్ళు అనాలా? నాలుగైదు వందల ఏళ్ళుగా తమిళనాడులో ఉన్న మమ్మల్ని బయటివాళ్ళు అనొచ్చా అనేదానికి ఏం జవాబో, దానికీ అదే జవాబు.

మరి వాళ్ళకు నిజంగా కష్టం కలిగించేది ఏది? కిల్ట్ కింద ఏముంది అని అడగడం, ఎత్తి చూడబోవడం. స్కాట్లండ్‌లోనే ఒక ఊళ్ళో కిల్ట్ యూనిఫాంగా ఉన్న హోటలు పనివాళ్ళు, వచ్చినవాళ్ళ చేతులు ఊరుకోవడం లేదని కిల్ట్ మానేసి ప్యాంట్లకు మారారు. ఇంకొకటి, ఎర్ర జుట్టు విగ్గు కుట్టిన గళ్ళ టోపీ. తాగుబోతు స్కాట్లండ్ మనిషి వేషానికి వాడతారు. తమాషా ఏమిటంటే దాన్ని ఫుట్‌బాల్ మ్యాచీలకు పెట్టుకుని పోయేది ఎక్కువగా స్కాట్లండ్ వాళ్ళే. మా ఇంట్లో మేమే మా భాషను చూసి నవ్వుకుంటాము, అది వేరు. నెల్లూరు పందిట్లో నవ్వు వేరు. దాన్ని వివరించమంటే నాకు సరిగా రాదు గానీ, తేడా మాత్రం ఉంది.

మన గుడ్డ వేరేవాళ్ళు కట్టుకున్న కథ కూడా ఒకటి ఉంది. చీరాల చుట్టుపక్కల నేసిన గళ్ళ గుడ్డ, మద్రాసు రుమాలు పేరుతో ఓడల్లో పశ్చిమ ఆఫ్రికాకు పోయేది. నైజీరియాలో నైజర్ నది డెల్టాలో ఉండే కలబరి ప్రజలు దాన్ని ఇంజిరి అంటారు. వాళ్ళు ఆ గుడ్డలోని కొన్ని దారాలను కత్తిరించి తీసేసి వేరే డిజైను తెస్తారు. పుట్టుక నుంచి చావు దాకా వాళ్ళ వేడుకల్లో ఆ గుడ్డ ఉంటుంది. అది తమ సొంత సంప్రదాయం అనే వాళ్ళు చెప్పుకుంటారు. చీరాల నేతగాడు ఆ దారాలు ఎంత కష్టపడి నేసి ఉంటాడు, వాళ్ళేమో తీసేస్తారు! అయినా నాకు కోపం రాలేదు, పైగా గర్వంగా అనిపించింది. ఆ గుడ్డను వాళ్ళు నవ్వులాటకు కట్టుకోలేదు కాబట్టి అనుకుంటాను.

మా తమిళనాడులో 2014లో జరిగినది కూడా చెప్పాలి. వేష్టి కట్టుకుని పోయిన హైకోర్టు న్యాయమూర్తిని చెన్నైలో ఒక క్లబ్బు లోపలికి రానివ్వలేదు. పెద్ద గొడవై, ఆ ఏడే ప్రభుత్వం వేష్టిని అడ్డుకోకూడదని చట్టం చేసింది. స్కాట్లండ్‌లో 1747లో మాత్రమే కాదు, బట్టను చూసి మనిషిని ఆపడం మన పక్కనే, నేను పుట్టిన తర్వాత కూడా జరిగింది.

చివరగా చెప్పేది నాకు అన్నింటికన్నా ముఖ్యమైనది. కిల్ట్ ప్రపంచమంతా తిరిగింది. పాకిస్తాన్‌లోని సియాల్‌కోటలో కుట్టి ఎగుమతి చేస్తున్నారు. మన సైన్యంలో కొన్ని రెజిమెంట్ల పైపర్లు ఈనాటికీ టార్టన్ గుడ్డ భుజాన వేసుకుంటారు. బట్టకు ఏ లోటూ రాలేదు. కానీ ఆ బట్ట కట్టినవాళ్ళ భాష? 1872లో స్కాట్లండ్‌లో పిల్లలందరికీ చదువు అని చట్టం వచ్చినప్పుడు అందులో గేలిక్‌కు చోటు పెట్టలేదు. బడిలో గేలిక్ మాట్లాడిన పిల్లలకు దెబ్బలు పడేవి. 2011 జనాభా లెక్కల్లో గేలిక్ మాట్లాడగలమన్నవాళ్ళు సుమారు 57 వేలమంది. మొత్తం స్కాట్లండ్ జనాభా 50 లక్షలకు పైన. అంటే కిల్ట్ కట్టుకుని పెళ్ళికి పోయే వందమందిలో ఫేలా అనే మాట తెలిసినవాళ్ళు ఎందరు ఉంటారు? 2005లో గేలిక్ కోసం చట్టం వచ్చింది, గేలిక్ మీడియం బడులు నడుస్తున్నాయి. వాటిలో ఇంట్లో గేలిక్ మాట్లాడని పిల్లలు కూడా చేరుతున్నారు. మా తరగతిలో ఈ ఏడు మేము పదకొండు మందిమి. ఆ బడుల్లో తరగతికి ఎంతమంది ఉంటారో అని మాటిమాటికీ అనిపిస్తుంది.

ఈ ఏడు వార్షికోత్సవానికి మళ్ళీ వేషాల కార్యక్రమం ఉంది. నేను చీటీ తీయకుండానే స్కాట్లండ్ కావాలని అడిగాను. అసలు కిల్ట్‌కు ఎనిమిది గజాల ఉన్ని గుడ్డ పడుతుంది, మా నాయన జీతంలో అది కుదరదు. బస్టాండు దగ్గర అంగట్లో ముదురు పచ్చ, నీలం గళ్ళ నూలు గుడ్డ అయిదు మీటర్లు కొన్నాము. ఏ వంశానిదీ కాదు, ఈరోడ్ నుంచి వచ్చిన గుడ్డ. కుచ్చిళ్ళు వెనక్కి ఉండాలి, ముందు చదునుగా ఉండాలి, పై మడత కుడివైపు ముగియాలి, అంచు మోకాలి మధ్యకు రావాలి. పోయిన ఏడు నేను ఇవన్నీ తప్పే చేశాను. ఆదివారం వసారాలో బెల్టు పరిచి, గుడ్డ పరిచి, పెద్ద ఫేలా లాగా కట్టి చూద్దామని పడుకున్నాను. లేచేసరికి కుచ్చిళ్ళు సగం జారిపోయాయి. అవ్వ చూసి, “పంచె కట్టేది కూడా నీకు రాదు కదరా, ఇట్లా రా” అని తనే కుచ్చిళ్ళు పెట్టడం మొదలుపెట్టింది.